లాగు బలము – నిలుపు బలము

పల్లెలలో రచ్చకట్ట యొద్ద నలుగురు సేద్యగాండ్రు కూడినచో, వానను గూర్చియు ధరలను గూర్చియు మాటలు ముగిసిన పిదప, నేటి కాలమున తప్పక వచ్చు ప్రసంగము బండ్లను గూర్చినది. ఎవరి ట్రాక్టరు ఎన్ని గుఱ్ఱముల బలము గలది, ఎవరి పికప్పు బండి ఎన్ని బస్తాలను మోసినది, ఎవరు ఎంత నిండు బరువుతో ఏ గట్టు నెక్కించిరి అని లెక్కలు చెప్పుకొందురు. ఈ మాటలు విని మేమును అనేక పర్యాయములు సంతోషించితిమి. కాడి క్రింద ఎద్దుల మెడలు పుండ్లుపడిన దినముల నెఱిగినవారు యంత్రబలము రైతునకు చేసిన మేలును కాదనజాలరు. అయినను ఆ లెక్కలలో ఒక్క లెక్క మాత్రము ఎన్నడును మా చెవిని బడలేదు. అంత బరువుతో వచ్చు బండి ఎంత దూరములో నిలిచినది అని అడిగినవాడును లేడు, చెప్పినవాడును లేడు. ఎవరును అడుగని ఆ ప్రశ్ననే నేడు మన సంఘ సభ్యుల ముందుంచదలచితిమి.

మొదట ఎద్దులబండి లెక్కను చూతము. మంచి ఎద్దులజత తమ శరీరపు తూకములో సుమారు పదియవ వంతు బలముతో చాలసేపు లాగగలదని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. రెండు ఎద్దులు కలిసి 800 కిలోలు తూగినచో వాని లాగు బలము 80 కిలోలు. అవి నడచు వేగముతో గుణించి చూచిన అది ఇంచుమించు ఒక్క గుఱ్ఱపు బలము. ఇంత కొద్ది బలముతో టన్ను బరువును ఎట్లు లాగుచున్నవని సందేహము కలుగవచ్చును. గట్టి చదునైన బాటలో గాలి టైర్ల బండికి బరువులో నూటికి రెండుమూడు పాళ్ల బలము చాలును. అనగా టన్నునకు ఇరువది ముప్పది కిలోలు. అదే బండి మెత్తని దుక్కిలో దిగినచో నూటికి పది పాళ్లు దాటును. ఇరువది అడుగుల నడకకు ఒక అడుగు లేచు ఎత్తు వచ్చినచో, టన్నునకు మఱి యేబది కిలోల బలము అదనముగా కావలెను.

పాతకాలపు బండివాడు ఈ లెక్కలు చదువకున్నను వీనిని ఎఱుగును. ఎత్తు వచ్చినచోట తోడి బండివాని ఎద్దులను అడిగి అదనముగా కట్టెను. దిగువ వచ్చినచోట తాను బండి దిగి, పగ్గము చేతబట్టి, ఎద్దుల ప్రక్కన నడచుచు మెల్లగా దింపెను. ఎక్కుటకంటె దిగుటయే అపాయకరమని అతని అనుభవము. పైగా ఎద్దు తనకు మించిన బరువైనచో నిలిచిపోవును, మోకరించును, నురుగు గ్రక్కును. ఏదో యొక విధమున యజమానికి తెలుపును. ఇంజనునకు ఆ నోరు లేదు. అది మోయరాని బరువును గూడ కొంతదూరము మౌనముగా లాగును. అందువలననే దాని నడుపువానికి ఎద్దులను తోలువానికంటె ఎక్కువ వివేకము కావలసియున్నది.

ఇప్పుడు ట్రాక్టరు లెక్కకు వత్తము. మన ప్రాంతమున విస్తారముగా కానవచ్చు 45, 50 గుఱ్ఱముల ట్రాక్టరు రమారమి రెండు టన్నులు తూగును. దాని వెనుక ట్రాలీయు సరకును కలిసి ఆఱు టన్నులనుకొందము. తారుబాటపై ఆ బరువును లాగుట దానికి పెద్ద పనికాదు. నిలుపుట మాట యేమి? మన ట్రాక్టరులలో అధిక భాగమునకు బ్రేకులు వెనుక చక్రములకే కలవు. పొలముల ట్రాలీలలో అనేకమునకు బ్రేకులే లేవు. అనగా రెండు టన్నుల ట్రాక్టరు తన రెండు వెనుక చక్రముల పట్టుతో ఎనిమిది టన్నుల మొత్తమును నిలుపవలెను. ఇరువదికి ఒకటి వంతున దిగు వాలులో ఆ ఎనిమిది టన్నులు 400 కిలోల బలముతో ముందునకు త్రోయుచునే యుండును. వేగము సంగతి ఇంకను విచిత్రము. గంటకు 20 కిలోమీటర్ల వేగమును 40 చేసినచో బ్రేకు పట్టినది మొదలు బండి నిలుచు దూరము రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లగును. గుఱ్ఱముల బలము పెరిగినకొలది వేగము పెరుగును. వేగము పెరిగినకొలది నిలుపు బలము చాలకపోవును. ఇది మనము మఱచుచున్న మొదటి సత్యము.

దీనికి మన యింటి ముంగిట నున్న ఉదాహరణమే చాలును. అమ్రాబాదు, పదర గ్రామముల రైతులు నల్లమల పీఠభూమిపై సేద్యము చేయుదురు. వారి వేరుసెనగ గాని, ప్రత్తి గాని అచ్చంపేట బజారునకు రావలెనన్నచో మన్ననూరు మీదుగా కనుమ దిగవలెను. ఇందలి విశేషమును సభ్యులు గమనింతురుగాక. కనుమ నెక్కునపుడు బండి ఖాళీగా నుండును. దిగునపుడు నిండు బరువుతో నుండును. గుఱ్ఱముల బలము ఉపయోగపడునది ఎక్కునపుడు. బ్రేకుల బలము కావలసినది దిగునపుడు. కావున పీఠభూమి రైతు ఏబది గుఱ్ఱముల బండిని విడిచి అఱువది గుఱ్ఱముల బండిని కొన్నను, అతని అసలు అక్కఱ తీఱదు. ఖాళీ బండిని త్వరగా ఎక్కించుట వలన అతనికి వచ్చు లాభమేమి?  త్వరగా చేరవలెనను తొందరలో నిండు బండ్లను వడిగా దింపుట మేము కన్నులార చూచితిమి. ఒక రాత్రి ఆగినచో సరకు చెడదు. పడినచో సరకును మిగులదు, మనిషియు మిగులడు.

పికప్పు బండ్లను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. అమెరికా దేశమున ఫోర్డు కంపెనీవారు 1925 సంవత్సరమున తమ టీ మోడలు కారునకు వెనుక తొట్టిని తామే బిగించి, పికప్పు అను పేర విక్రయింపసాగిరి. రైతును ఉద్దేశించిన ఆ చిన్న బండి ఇప్పుడు నాలుగు వందల గుఱ్ఱముల బలమును దాటి, ఐదాఱు టన్నుల ట్రాలీలను లాగగలనని చాటుకొనుచున్నది. చాల కాలము ఆ దేశమున ప్రతి కంపెనీయు తన బండి ఇంత లాగునని తనకు తోచిన అంకెను ప్రకటించుకొనుచుండెను. తుదకు అచటి మోటారు ఇంజనీర్ల సంఘమువారు 2008 సంవత్సరమున జె2807 అను పేర ఒక ప్రమాణమును ప్రచురించిరి. 2011 సంవత్సరపు బండ్లతో టయోటా కంపెనీ దానిని మొదట ననుసరించెను. ఆ ప్రమాణము ప్రకారము అరిజోనా రాష్ట్రమున డేవిసు ఆనకట్ట యొద్దనున్న సుమారు 18 కిలోమీటర్ల ఎత్తుబాటను, మండుటెండలో, బరువైన ట్రాలీతో తగిన వేగము తగ్గకుండ ఎక్కవలెను. అంతమాత్రమే చాలదు. ట్రాలీ ఊగకుండ నడచుట, నిలుపుట, వాలులో కదలక నిలిచియుండుట కూడ పరీక్షింపబడును. ఇది గాక, ఆ దేశపు అనేక రాష్ట్రములలో సుమారు 1,360 కిలోలు మించిన ట్రాలీకి స్వంత బ్రేకు లుండవలెనని చట్టము కలదు. నాలుగు వందల గుఱ్ఱముల బండి గలవాడు టన్నున్నర ట్రాలీకి బ్రేకు కావలెననుచుండగా, ఏబది గుఱ్ఱముల బండి గల మనము ఆఱు టన్నుల ట్రాలీని బ్రేకు లేకయే లాగుచున్నాము. ఎవరు ధైర్యవంతులో, ఎవరు వివేకవంతులో సభ్యులే నిర్ణయింపవచ్చును.

మన దేశమున 2005 సంవత్సరమున వచ్చిన టాటా ఏస్ బండిని జనులు ముద్దుగా ఛోటా హాథీ అని పిలిచిరి. అది మోయదగిన బరువు సుమారు ముప్పాతిక టన్ను. బొలేరో పికప్పులలో ఒకదానికి 1,700 కిలోలు. కొనుగోలు కేంద్రముల ధాన్యపు బస్తా 40 కిలోలు. కావున మొదటి బండికి 18 బస్తాలు, రెండవదానికి 42 బస్తాలు న్యాయమైన బరువు. దీనికి రెట్టింపు వేసికొని పోవు బండ్లను బజారు దినమున ఎవరైనను లెక్కింపవచ్చును. బరువు ఆగుటకై కొందఱు కమాను పట్టీలు అదనముగా వేయింతురు. పట్టీలు వేసినచో బండి వెనుక భాగము క్రుంగదు గాని, ఇరుసు లావు కాదు, బ్రేకులు పెద్దవి కావు, టైరులు గట్టిపడవు. జ్వరము తగ్గుటకు మందు వేయక, జ్వరమును చూపు కొలతకఱ్ఱను విఱుగగొట్టినట్లే యగును. క్రుంగిన బండి మనకు సత్యము చెప్పుచుండెను; పట్టీలు వేసి ఆ సత్యము చెప్పకుండ చేసితిమి.

బరువును ఎంత వేయవలయుననునది ఒకటి. ఎచ్చట వేయవలయుననునది రెండవది. రెండు చక్రముల ట్రాలీలో బరువంతయు వెనుకకు వేసినచో కొక్కెము పైకి లేచి, ట్రాలీ పాము తోకవలె ఊగును. అంతయు ముందునకు వేసినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. ట్రాక్టరు బరువులో ఐదవ వంతైనను ముందు చక్రములపై నిలిచియుండవలెనని నియమము. పికప్పు వెనుక కట్టు ట్రాలీల విషయమున అమెరికా రైతులు ట్రాలీ బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్లు కొక్కెముపై పడునట్లు సరకును సర్దుదురు. ప్రత్తివంటి తేలిక సరకు వేఱొక విధమైన మోసము చేయును. తూకము తక్కువే గదా యని ఇంటి కప్పంత ఎత్తు పేర్చుదుము. ఎత్తు పెరిగినకొలది మలుపులో ఒఱగుట సులభమగును. ఇక ట్రాలీని ట్రాక్టరు వెనుక తక్కువ ఎత్తున నున్న లాగుడు పట్టీకే తగిలింపవలెను. పట్టు దొరకలేదని ఇరుసుకంటె పైన తగిలించినచో, బరువు లాగునపుడు ట్రాక్టరు ముందు భాగము లేచి నడుపువానిపై వెనుకకు తిరుగబడును.

ఈ సందర్భమున మా స్వంత తప్పిదమొకటి చెప్పక తప్పదు. మేము ఈ యుద్యోగమున చేరిన క్రొత్తలో, తొలకరి దినములలో, ఒక ప్రదర్శన క్షేత్రమునకు విత్తనపు బస్తాలును ఎరువును ట్రాలీలో తీసికొని పోవుచుంటిమి. ఏడుగురు కూలి స్త్రీలు ఆ బస్తాలపై కూరుచుండిరి. వారిని ఎక్కించినవారము మేమే. బయలుదేఱునపుడు నడుపువాడు, “సారూ, పిన్ను అరిగిపోయింది, కొత్తది తెచ్చినంక పోదాం” అని రెండుమాఱులు చెప్పెను. మబ్బు కమ్మియుండుటచే మేము ఒప్పుకొనలేదు. ఈ పూటకు ఇనుప కడ్డీ చాలునంటిమి. గట్టు నెక్కుచుండగా కడ్డీ వంగి తెగెను. ట్రాలీ విడివడి వెనుకకు జాఱి, కాలువగట్టు ప్రక్క గుంటలో ఒఱగెను. దైవవశమున ప్రాణములు పోలేదు గాని, ఒక పెద్దామె మోకాలు విఱిగెను. మఱునాడు మేము ఆసుపత్రిలో ఆమెను చూడబోగా ఆమె మమ్ము నిందింపలేదు. “సారూ, ఇత్తనాలు తడిసినయా?” అని యడిగెను. ఆమె ఆ పిమ్మట నాటుపనికి వంగలేదు. ఆ యేడు ప్రదర్శన క్షేత్రమున పంట బాగుగ పండెను. పై యధికారులు మెచ్చుకొనిరి. మేము మాత్రము ఆ మెప్పును ఎవరికిని చెప్పుకొనలేదు.

మాకు జరిగినది స్వల్పము. మన పొరుగుననే ఇంతకు వేయి రెట్లు ఘోరములు జరిగినవి. 2018 ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లా పెద్దఅడిశర్లపల్లి మండలము వద్దిపట్ల యొద్ద, మిరప చేలకు కూలికి పోవుచున్న వారి ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిదిమంది స్త్రీలు మరణించిరి. మూడు నెలలు తిరుగకమున్నే, అదే యేడు జూను నెలలో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ యొద్ద కూలీల ట్రాలీ మూసీ కాలువలో బోర్లపడి పదునైదుగురు చనిపోయిరి. వారిలో అత్యధికులు స్త్రీలే. ఈ రెండు చోట్లను ఆ ట్రాక్టరులకు లాగు బలము తక్కువై కాదు ఆ జనులు చచ్చినది. సరకు కొఱకు చేసిన తొట్టిలో మనుష్యులను నింపి, ఇరుకైన కాలువగట్లపై నడిపినపుడు, ఒక్క చక్రము ప్రక్కకు జాఱినను తప్పించుకొనుటకు దారి యుండదు. తొట్టి బోర్లపడినచో అదియే మూత యగును. ఇది తెలిసియు, విత్తు దినములు వచ్చినవో లేదో, మన గ్రామములలో ప్రతి యుదయమును ట్రాలీలు కూలీలతో నిండుచునే యున్నవి.

చట్టము లేదా యని అడుగువారు కలరు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున మోయదగిన తూకమునకు హద్దు కలదు. 2019 సంవత్సరపు సవరణలో ఆ హద్దు మీఱిన బండికి ఇరువదివేల రూపాయల జరిమానాయు, అధికమైన ప్రతి టన్నునకు మఱి రెండువేలును నిర్ణయింపబడినవి. ట్రాలీకి ట్రాక్టరుతో సంబంధము లేకుండ ప్రత్యేకముగా రిజిస్ట్రేషను కావలెను. సరకు బండిలో కూరుచుండి పోవువారికి అపాయము కలిగినచో బీమా సొమ్ము రాబట్టుట కష్టసాధ్యము. కోర్టులలో ఏండ్ల తరబడి తిరుగవలసివచ్చును. అప్పుడు ఆ పరిహారభారము బండి గల రైతు మెడకే చుట్టుకొనును. రెండెకరముల పంటను త్వరగా ఇంటికి తెచ్చుకొనబోయి ఉన్న రెండెకరములను అమ్ముకొను దుర్గతి పట్టవచ్చును. అయినను మేము జరిమానా భయము చూపుటకు ఈ వ్యాసము వ్రాయలేదు. పోలీసువాడు లేని దారులే మన గ్రామములలో అధికము. అచ్చట మన బుద్ధియే మనకు పోలీసు.

ఇందుకు రైతులు చెప్పు సమాధానమును మేమెఱుగుదుము. అది త్రోసిపుచ్చదగినది కాదు. “రెండు తడవలు తోలించుటకు కిరాయి ఎవరిచ్చెదరు? కూలీలకు వేఱుగా ఆటో పెట్టినచో మాకు మిగులునదేమి?” అని వారందురు. లెక్క చూతము. ఒక రైతునకు 80 బస్తాల ధాన్యము కలదనుకొందము. అది 3,200 కిలోలు. పెద్ద పికప్పులో న్యాయముగా పోవలెనన్నచో రెండు తడవలు. రెండవ తడవకు వేయి రూపాయలు కిరాయి యనుకొన్నను బస్తాకు పండ్రెండున్నర రూపాయలు అధికమగును. ఇది చిన్న మొత్తము కాదు. బీదరైతునకు ప్రతి రూపాయియు లెక్కయే. కాని మితిమీఱిన బరువుచే పగులు టైరునకు, విఱుగు ఇరుసునకు, దారిలో నిలిచిపోయిన దినపు కూలికి అయ్యెడి వెచ్చమును ఎవరును బస్తా లెక్కలో వ్రాసికొనరు. కనబడు ఖర్చును తప్పించుకొని, కనబడని ఖర్చును భరించుచున్నాము. కూలీల విషయమున మాత్రము లెక్కయే అక్కఱలేదు. మన పొలమున పని చేయువారిని ప్రాణములతో ఇంటికి చేర్చుట కూలిలో భాగమని మేము నమ్ముదుము.

ఈ చిక్కునకు విడిగా ఒక్కొక్క రైతు చేయగల ఉపాయము లేదు. అందఱును కలిసినచో కలదు. బ్రిటిషు ఇండియాలో 1904 సంవత్సరమున సహకార పరపతి చట్టము పుట్టినపుడు, ఒక్కనికి పుట్టని అప్పు పదిమంది కలిసి పూచీపడినచో పుట్టునను తత్త్వమే దానికి మూలము. ఆ తత్త్వము బండ్లకును చెల్లును. నేడు జరుగుచున్నదేమనగా, ప్రక్క గట్టువానికి ఏబది గుఱ్ఱముల బండి కలదు గనుక నాకు అఱువది కావలెనని అప్పుచేసి కొందుము. సంవత్సరములో కొన్ని దినములు మాత్రమే దానికి నిండు పని. మిగిలిన దినములు అది చెట్టుక్రింద నిలిచియుండును. వాయిదా మాత్రము నిలువదు. వాయిదా తీర్చుటకై కిరాయికి తోలవలెను. కిరాయి చాలుటకై బరువు మించవలెను. మితిమీఱిన బరువునకు మూలము పెక్కుచోట్ల దురాశ కాదు, అప్పు. ఈ సంగతిని గమనింపక రైతును తిట్టుట న్యాయము కాదు.

కావున మేము మన సంఘములకు సూచించునది ఇది. ప్రతి సంఘమును సభ్యుల వాడుకకై న్యాయమైన కిరాయికి ఒక పికప్పు బండిని, బ్రేకులు గల ఒక ట్రాలీని ఉంచవలెను. ఇరువది బస్తాల రైతులు ఇద్దఱిని జతపఱచి ఒక్క తడవలో పంపినచో, బండియు నిండును, మీఱదు, కిరాయియు సగమగును. సంఘపు బండి డైరెక్టర్ల బంధువులకే అందునని కొందఱు సంశయింతురు. ఆ సంశయమునకు కారణము లేకపోలేదు. వరుస పుస్తకమును సంఘ కార్యాలయపు అరుగుపై అందఱికి కనబడునట్లుంచి, వచ్చిన వరుస తప్పక బండి నంపినచో ఆ సంశయము తీఱును. వరుస తప్పించినవాడు అధ్యక్షుడైనను అడుగు హక్కు ప్రతి సభ్యునికి కలదు. విత్తు దినములలోను ఏరుడు దినములలోను కూలీలను తెచ్చుటకు, మనుష్యులు ప్రయాణము చేయదగిన బండిని సంఘమే బాడుగకు మాటాడి, ఖర్చును వాడుకొన్న రైతులకు ఎకరముల వంతున పంచవలెను.

సభ్యులు తమంతట చేసికొనదగినవి కొన్ని కలవు. వీనికి సొమ్ము అక్కఱలేదు, శ్రద్ధ మాత్రమే కావలెను. కోతలకు ముందొక దినము బండ్లన్నింటిని ఒకచోట చేర్చి, బ్రేకులను, కొక్కెమును, పిన్నును, టైరులను పరీక్షింపవలెను. పిన్నునకు బదులు కడ్డీని, మేకును వాడరాదు. పిన్ను జాఱకుండ చీలను వేసి, దానికి తోడు కాపుగొలుసును తగిలింపవలెను. ట్రాక్టరునకు ఎడమ కుడి చక్రములకు వేర్వేఱు బ్రేకు పెడళ్లు కలవు. అవి దుక్కిలో తిరుగుటకు ఉపకరించును గాని, రోడ్డుపైకి వచ్చినపుడు రెంటిని కలుపు గడియను తప్పక వేయవలెను. లేనిచో వడిగా పోవునపుడు ఒక్క చక్రమునకే బ్రేకు పడి బండి తిరుగబడును. వాలు దిగునపుడు డీజిలు మిగులునని న్యూట్రలు చేయుట ఆత్మహత్యతో సమానము. ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెను. గేరు వాలు మొదలుకాకమునుపే వేసికొనవలెను. ఒక ట్రాక్టరునకు రెండు ట్రాలీలను కట్టరాదు. ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపము గాని, మెఱయు పట్టీ గాని లేక రాత్రి రోడ్డెక్కరాదు. అన్నింటికంటె ముఖ్యముగా, నడుపువాడు వద్దనిన దినమున యజమాని ఊరకుండవలెను. ఈ చివరి నియమమును మేము ఎంత వెల యిచ్చి నేర్చుకొంటిమో పైన చెప్పియున్నాము.

యంత్రములను వద్దనుట మా యభిప్రాయము కాదు. ఎద్దుల జత ఒక దినమున చేర్చలేని పంటను గంటలో బజారునకు చేర్చు బండి రైతునకు వరమే. ఆ వరమును కొలుచుకొను కొలతను మాత్రము మార్చుకొనవలెనని మా మనవి. బండ్లు ఓడలగును, ఓడలు బండ్లగును అని పెద్దలనిరి. లాగు బలమును మాత్రమే నమ్మినవాని బండి ఒక్క వాలులో తలక్రిందులగును. ఇకపై రచ్చకట్ట యొద్ద ఎవరైనను తన బండి ఇన్ని బస్తాలు లాగినదని చెప్పినచో, ప్రక్కనున్న సభ్యుడొకడు మెల్లగా, “మంచిది, ఎంతలో ఆగింది?” అని యడుగునుగాక. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల రైతు బండిలో మన పంటను వేయుదము. చెప్పజాలని బండిలో మన కూలి తల్లులను ఎక్కింపకుందము.